పెన్‌డ్రైవ్‌లోని ఎడిటర్ పాత సిస్టమ్‌లలో కమాండ్‌తో తెరుచుకోవడం లేదు, లైను నంబరూ పట్టించుకోవడం లేదు

దేవరకొండ_ల్యాబ్
మా కాలేజీ ల్యాబులో 12 సిస్టమ్‌లు ఉన్నాయి. ఐదింట్లో విండోస్ ఎక్స్‌పీ, ఆరింట్లో 32 బిట్ విండోస్ 7, ఒకదాంట్లో 64 బిట్ విండోస్ 7. చాలావాటికి ర్యామ్ 1 జీబీ. నెట్ లేదు. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు సీ ప్రోగ్రామింగ్ చెప్తున్నాను. ఏదైనా ఇన్‌స్టాల్ చేద్దామంటే అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గర లేదు. పైగా రీస్టార్ట్ చేస్తే అన్నీ మొదటికొచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి వేసి పెట్టారు. అందుకే కోడ్ రాసుకునే ఎడిటర్ నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్, ఆ కోడ్‌ను ప్రోగ్రాంగా మార్చే టైనీ సీ కంపైలర్ (టీసీసీ) రెండూ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని తిరుగుతున్నాను.

నాకు కావాల్సింది ఒక్కటే. 14వ లైనులో తప్పుందని కంపైలర్ చెప్తే, ఒక్క కమాండ్ కొట్టగానే ఫైలు ఆ 14వ లైను దగ్గరే తెరుచుకోవాలి. ఇప్పుడేమో ఎక్స్‌పీలలో ఎడిటర్ అసలు లేవదు. 7లలో లేస్తుంది గానీ కమాండ్‌తో పిలిస్తే ఒకసారి ఇంకో నల్ల విండో (కమాండ్లు కొట్టేది) ఖాళీగా వస్తుంది, ఇంకోసారి "14 అనే ఫైలు లేదు, కొత్తది చేయాలా" అని అడుగుతుంది. కోడ్ పక్కన వివరణగా నేను తెలుగులో రాసిచ్చిన కామెంట్లు కొన్ని ఫైళ్ళలో ప్రశ్నార్థకాలయ్యాయి. ప్రాక్టికల్స్ వచ్చే వారం. చాలా టెన్షన్‌గా ఉంది.

గడియారం_సెంటర్
ఎక్స్‌పీలో లేవనప్పుడు స్క్రీన్ మీద ఏం వస్తుందో అక్షరం పొల్లుపోకుండా రాయండి. "లేవట్లేదు" అంటే ఎవరం ఏమీ చెప్పలేం. మీరు కొట్టిన కమాండ్ కూడా కావాలి.

దేవరకొండ_ల్యాబ్
ఎక్స్‌పీలో "ఇది సరైన విన్32 అప్లికేషన్ కాదు" అని వస్తుంది. నా దగ్గర ఇంకో పెన్‌డ్రైవ్ ఉంది, మా బావమరిది ల్యాప్‌టాప్‌లోంచి కాపీ చేసుకున్నది. దాన్ని 32 బిట్ 7లో పెడితే, ఈ ఫైలు మీ విండోస్‌కు సరిపడదు, ఎక్స్86 (32 బిట్) కావాలో ఎక్స్64 (64 బిట్) కావాలో చూసుకోండి అంటుంది.

కమాండ్లు ఇవి. ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, అక్కడ ఇంగ్లిష్‌లోనే కొట్టాను.

స్టార్ట్ "జీ:\ఎన్‌పీపీ\నోట్‌ప్యాడ్++.ఈఎక్స్ఈ"
"జీ:\ఎన్‌పీపీ\నోట్‌ప్యాడ్++.ఈఎక్స్ఈ" -ఎన్ 14 లూప్.సీ

పాలమూరు_పెంటియం
సార్, ఇది ఒక్క రోగం కాదు, మూడు. విడివిడిగా చూస్తేనే పోతాయి.

మొదటిది వెర్షన్. ఎక్స్‌పీలో నడిచే చివరి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ 7.9.2. మీరు ఏ 8 వెర్షనో పెట్టి ఉంటారు, అందుకే విన్32 కాదంటుంది. మీ బావమరిది పెన్‌డ్రైవ్‌లోది 64 బిట్‌ది. అది 32 బిట్ సిస్టమ్‌లో ఎప్పటికీ లేవదు. 7.9.2 32 బిట్ పోర్టబుల్ జిప్ తెచ్చుకోండి. 32 బిట్‌ది మీ 64 బిట్ 7లోనూ నడుస్తుంది, కాబట్టి 12 సిస్టమ్‌లకూ అదొక్కటే చాలు.

రెండోది స్టార్ట్ కమాండ్. స్టార్ట్ తర్వాత కోట్స్‌లో మొదట వచ్చినదాన్ని అది విండో పైన రాసే పేరు అనుకుంటుంది. మీ ఎడిటర్ దారి మొత్తాన్ని పేరుగా తీసుకుని, నడపడానికి ఇంకేమీ లేక ఖాళీ నల్ల విండో తెరిచింది. ముందు ఖాళీ కోట్స్ పెట్టాలి:

స్టార్ట్ "" "జీ:\ఎన్‌పీపీ\నోట్‌ప్యాడ్++.ఈఎక్స్ఈ"

మూడోది ఆ 14. -ఎన్ పక్కన స్పేస్ ఉండకూడదు, -ఎన్14 అని కలిపి కొట్టాలి. స్పేస్ ఇస్తే 14ని ఫైలు పేరు అనుకుంటుంది. అది అడిగిన ప్రశ్న అందుకే. ఆ లైనులో ఎన్నో అక్షరం దగ్గర ఆగాలో కూడా చెప్పాలంటే -సీ5 అని ఇంకోటి కలుపుకోవచ్చు.

దేవరకొండ_ల్యాబ్
స్పేస్ వల్లనా! మూడు రోజులు దాని మీదే కూర్చున్నాను అన్నా. ఇంట్లో 7 ఉన్న సిస్టమ్‌లో ఇప్పుడే కొట్టి చూశాను, సరిగ్గా 14 దగ్గర నిలబడింది. 7.9.2 రేపు తెచ్చుకుంటాను.

సూర్యాపేట_హైవే
ఇంత శ్రమ ఎందుకో నాకు అర్థం కావట్లేదు. ఎడిటర్ తెరిచి పెట్టుకుంటారు కదా, కంట్రోల్ జీ కొట్టి 14 వేస్తే ఆ లైనుకు పోతుంది. 20 ఏళ్ళుగా నేను చేసేది అదే.

వనపర్తి_విమ్
సూర్యాపేట అన్నతో సగం ఒప్పుకుంటాను. మిగతా సగం ఏంటంటే, విమ్ అనే ఎడిటర్ నేర్పిస్తే ఈ గొడవే ఉండదు. విమ్ +14 లూప్.సీ అంతే. విండోస్‌లో, లైనక్స్‌లో, ఎక్కడైనా అదే కమాండ్. బ్రామ్ మూలెనార్ 1991లో దాన్ని మొదట అమీగా కంప్యూటర్‌కు విడుదల చేశాడు. అప్పటి మెషీన్లకు సరిపోయిందంటే మీ 1 జీబీ ర్యామ్ దానికి సముద్రం.

దేవరకొండ_ల్యాబ్
@సూర్యాపేట_హైవే అన్నా, మీకూ నాకూ కంట్రోల్ జీ చాలు. మా క్లాసులో 58 మంది. ఒక్కో సిస్టమ్ దగ్గర ఐదుగురు కూర్చుంటారు. ఒకరి వంతుకు పది పన్నెండు నిమిషాలు వస్తే గొప్ప. చాలామంది తండాల నుంచి వస్తారు, ఫోను తప్ప కీబోర్డు ముట్టుకున్నది ఇక్కడే. ఆ పది నిమిషాల్లో మూడు నిమిషాలు లైను వెతుక్కోవడానికే పోతే, తప్పేంటో ఆలోచించే లోపు పక్కపిల్ల "నా టైమైంది" అని లేపేస్తుంది. మొన్న ఒక అమ్మాయి సెమికోలన్ తప్పును తనే కనిపెట్టబోయింది. లైను లెక్కపెడుతుండగానే వంతు అయిపోయింది. మొహం చిన్నబుచ్చుకుని లేచిపోయింది. ఆ మొహం చూశాకే ఇక్కడ రాశాను.

@వనపర్తి_విమ్ తమ్మీ, విమ్ నాకూ ఇష్టమే. కానీ మొదటి రోజే ఎస్కేప్, ఐ, కోలన్ డబ్ల్యూ అంటే సీ నేర్పాలా, విమ్ నేర్పాలా?

సూర్యాపేట_హైవే
సరే సార్, ఆ అమ్మాయి మాట చెప్పాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కమాండే కరెక్టు.

గడియారం_సెంటర్
మీ కమాండ్లో జీ: అని రాసి పెట్టారు. పక్క సిస్టమ్‌లో పెన్‌డ్రైవ్ ఎఫ్: అవుతుంది, కార్డ్ రీడర్ ఉన్నదాంట్లో ఐ: అవుతుంది. అప్పుడేం చేస్తారు? ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వస్తోందన్నారే, అందులో సగం దీనివల్లే అయ్యుంటుంది.

దేవరకొండ_ల్యాబ్
అవునన్నా, ప్రతి సిస్టమ్‌లో మార్చి మార్చి కొడుతున్నాం.

పాలమూరు_పెంటియం
దీనికి బ్యాచ్ ఫైలు (కమాండ్లను వరసగా రాసి ఒకేసారి నడిపే ఫైలు) రాసుకోండి. బ్యాచ్ ఫైల్లో %~డీపీ0 అని రాస్తే, ఆ బ్యాచ్ ఫైలు ఏ డ్రైవులో ఏ ఫోల్డరులో ఉందో ఆ దారి తనే వచ్చి కూర్చుంటుంది. అంటే పెన్‌డ్రైవ్ జీ: అయినా ఐ: అయినా మీకు పని లేదు. చివర్లో బ్యాక్‌స్లాష్ కూడా దాంతోనే వస్తుంది, మీరు మళ్ళీ పెట్టక్కర్లేదు.

పెన్‌డ్రైవ్‌లో ల్యాబ్ అని ఒక ఫోల్డరు చేసి, అందులో ఎన్‌పీపీ, టీసీసీ ఫోల్డర్లు పెట్టండి. వాటి పక్కనే ఎల్.బ్యాట్ అని ఫైలు చేసి ఇది రాయండి:

@ఎకో ఆఫ్
స్టార్ట్ "" "%~డీపీ0ఎన్‌పీపీ\నోట్‌ప్యాడ్++.ఈఎక్స్ఈ" -నోసెషన్ -ఎన్%2 "%~1"

ఇక పిల్లలు కొట్టేది: ఎల్ లూప్.సీ 14

%~1 ఫైలు పేరు, %2 లైను నంబరు. -నోసెషన్ అంటే క్రితంసారి తెరిచిన ఫైళ్ళు మళ్ళీ తెరవొద్దని. స్టార్ట్ లేకుండా రాస్తే ఎడిటర్ మూసేదాకా ఆ నల్ల విండో అక్కడే ఆగిపోతుంది, అందుకే అది ఉండాలి.

మొదలుపెట్టే ఫైలు ఇంకోటి, మొదలు.బ్యాట్ అనుకోండి (పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి):

@ఎకో ఆఫ్
సెట్ పాత్=%~డీపీ0;%~డీపీ0టీసీసీ;%పాత్%
సీడీ /డీ "%~డీపీ0"
సీఎండీ

దీని మీద డబుల్ క్లిక్ చేస్తే వచ్చే నల్ల విండోలో కంపైలరూ ఎల్ కమాండూ రెండూ నేరుగా పనిచేస్తాయి. పాత్ అంటే కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా. ఆ మార్పు ఆ విండో వరకే, మూసేస్తే పోతుంది. సిస్టమ్‌లో ఏదీ మార్చలేదు కాబట్టి అడ్మిన్ పాస్‌వర్డూ అక్కర్లేదు, రీస్టార్ట్ గొడవా లేదు. సీడీ పక్కన /డీ మర్చిపోకండి, అది లేకపోతే డ్రైవు మారదు.

జడ్చర్ల_జంక్షన్
పాత్ అంటే సెట్ఎక్స్ వాడొచ్చు కదా? నేను మా షాపులో అదే వాడాను, ఒక్కసారి కొడితే ఎప్పటికీ ఉంటుంది.

పాలమూరు_పెంటియం
వద్దు భాయ్. సెట్ఎక్స్‌తో పాత పాత్‌ను కలిపి మళ్ళీ రాస్తే, 1024 అక్షరాలు దాటినదంతా కోసేస్తుంది. హెచ్చరిక ఒక లైను వస్తుంది గానీ అప్పటికే కోసేసి ఉంటుంది. తర్వాత ఏ ప్రోగ్రాం ఎందుకు నడవట్లేదో ఎవరికీ తెలియదు. మీ షాపు సిస్టమ్‌లో ఒకసారి పాత్ తెరిచి చివర ఎక్కడ ఆగిందో చూసుకోండి.

జడ్చర్ల_జంక్షన్
చూశాను. ఒక ఫోల్డరు పేరు మధ్యలోనే ఆగిపోయి ఉంది. బిల్లింగ్ ప్రింటరు ప్రోగ్రాం రెండు నెలలుగా మొరాయిస్తున్నది దీనికేనేమో. దాని దారి కూడా ఆ చివర్లోనే ఉండేది. రేపు సరిచేసి చెప్తాను.

డీటీపీ_అక్క
తెలుగు కామెంట్ల సంగతి ఎవరూ ముట్టుకోలేదు. సార్, ప్రశ్నార్థకాలు వచ్చాయంటున్నారు. మూడు రకాల చెడు ఉంటుంది, మీది ఏదో చెప్పండి. ఒకటి డబ్బాలు, అక్షరం ఉండాల్సిన చోట ఖాళీ చతురస్రాలు. రెండు, పైన గీత ఉన్న ఇంగ్లిష్ ఏ అక్షరం, దాని పక్కన డిగ్రీ సున్నా లాంటి గుర్తులు మళ్ళీ మళ్ళీ రావడం. మూడు, అచ్చంగా ప్రశ్నార్థకాలే.

దేవరకొండ_ల్యాబ్
అక్కా, మూడూ ఉన్నాయి! ఎక్స్‌పీలలో డబ్బాలు. రెండు ఫైళ్ళలో ఆ ఏ గుర్తులు. నాలుగు ఫైళ్ళలో ప్రశ్నార్థకాలు.

డీటీపీ_అక్క
డబ్బాలకు భయపడకండి. ఫైలు బాగానే ఉంది, ఆ సిస్టమ్‌కు తెలుగు చూపించడం రావట్లేదు అంతే. ఎక్స్‌పీలో కంట్రోల్ ప్యానెల్, రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్, లాంగ్వేజెస్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫైళ్ళు వేసుకునే టిక్ ఉంటుంది. దానికి ఎక్స్‌పీ సీడీ, అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. అవి రెండూ లేకపోతే ఆ ఐదు సిస్టమ్‌లలో తెలుగు కామెంట్లు వదిలేయడమే మంచిది. 7లో గౌతమి, వాణి ఫాంట్లు విండోస్‌తోనే వస్తాయి, అక్కడ ఇబ్బంది ఉండదు.

ఏ గుర్తులు వచ్చినవీ బాగవుతాయి. యూటీఎఫ్-8 అంటే అక్షరాలను ఫైల్లో రాసే ఒక పద్ధతి, అందులో తెలుగు అక్షరం 3 బైట్లు. ఆ మూడింటినీ ఎడిటర్ మూడు వేరే వేరే గుర్తులుగా చదివేస్తోంది. అన్ని తెలుగు అక్షరాలకూ మొదటి బైటు ఒకటే కాబట్టి ఆ ఏ గుర్తే తిరిగి తిరిగి కనిపిస్తుంది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఎన్‌కోడింగ్ మెనూ తీసి యూటీఎఫ్-8 మీద నొక్కండి, అక్షరాలు వచ్చేస్తాయి. ఒక్క జాగ్రత్త: కింద కన్వర్ట్ టు యూటీఎఫ్-8 అని ఇంకోటి ఉంటుంది, దాన్ని నొక్కకండి. పైది చదివే పద్ధతిని మారుస్తుంది. కిందది ఫైలునే మారుస్తుంది, తప్పుగా చదివినదాన్ని తప్పుగానే రాసి పెడుతుంది.

ప్రశ్నార్థకాలు మాత్రం పోయినట్టే సార్. ఎవరో పాత నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఏఎన్ఎస్ఐ అనే పాత పద్ధతిలో సేవ్ చేశారు. తెలుగు అక్షరం అందులో పట్టదు, ఆ చోట ప్రశ్నార్థకం రాసేస్తుంది. పాత కాపీ ఉంటే తప్ప రాదు. 2019లో వచ్చిన విండోస్ 10 1903 వెర్షన్ నుంచి నోట్‌ప్యాడ్ మామూలుగానే యూటీఎఫ్-8లో సేవ్ చేస్తుంది. మీ 7, ఎక్స్‌పీలలోని నోట్‌ప్యాడ్ అలా చేయదు.

దేవరకొండ_ల్యాబ్
పిల్లలు ఇంటికి తీసుకెళ్ళి మామూలు నోట్‌ప్యాడ్‌లో రాసుకొచ్చారు. ఆ నాలుగూ మళ్ళీ నేనే రాస్తాను.

గద్వాల_జరీ
అక్కా, నాకూ ఇలాంటి బాధే. పెళ్ళి పత్రిక మ్యాటర్ ఒక షాపులో అను అనే డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేయించి, తెచ్చి ఎడిటర్‌లో పేస్ట్ చేస్తే అంతా ఇంగ్లిష్ అక్షరాల చెత్త. ఎన్‌కోడింగ్ ఎన్ని మార్చినా మారలేదు.

డీటీపీ_అక్క
మారదమ్మా. అను యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే పద్ధతి) కాదు. అందులో లోపల ఉన్నవి నిజంగానే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. ఎడిటర్‌లో ఆ ఫాంటు లేదు కాబట్టి వేషం ఊడిపోతుంది. దానికి అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్ వాడాలి. మార్చాక ఒత్తులు ఒకసారి కళ్ళతో చూసుకో, పత్రికలో పేరు తప్పు పడితే పెళ్ళిలో అదే మాట్లాడుకుంటారు.

గద్వాల_జరీ
పెళ్ళికొడుకు పేరులో ఒత్తు పోయి ఉంది అక్కా! ఇప్పుడే చూశాను. బతికించావు.

నల్లమల_నీడ
ఇన్ని తిప్పలు పడే బదులు ఆ పాతవాటిలో లైనక్స్ వేయండి. 32 బిట్ సిస్టమ్‌లకు యాంటిఎక్స్ ఉంది, డెబియన్ 12 ఉంది. డెబియన్ 13లో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ తీసేశారు, కాబట్టి 12 దగ్గరే ఆగండి. జీనీ ఎడిటర్ తేలికగా ఉంటుంది. జీనీ +14 లూప్.సీ అంటే నేరుగా లైనుకు పోతుంది, ఇక్కడా ప్లస్‌కూ అంకెకూ మధ్య స్పేస్ ఉండకూడదు. నానోకు కూడా నానో +14 లూప్.సీ. మా అచ్చంపేటలో ఒక స్కూలుకు ఆరు సిస్టమ్‌లు ఇలాగే మార్చి ఇచ్చాను, పిల్లలు హాయిగా వాడుతున్నారు.

గడియారం_సెంటర్
సార్‌కు అడ్మిన్ పాస్‌వర్డే లేదని మొదటి పోస్టులోనే రాశారు. కాలేజీ సిస్టమ్‌లు చెరిపేసి లైనక్స్ వేస్తే రేపు సమాధానం ఎవరు చెప్తారు?

నల్లమల_నీడ
పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడపొచ్చు, హార్డ్ డిస్క్ ముట్టుకోనక్కర్లేదు. అయినా వచ్చే వారమే పరీక్ష అన్నది నిజమే. ఇప్పుడొద్దు. సెలవుల్లో ఒక్కదాంట్లో ప్రిన్సిపాల్ అనుమతితో వేసి చూడండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2014 ఏప్రిల్ 8న ఆగింది, 7కు 2020 జనవరి 14న. నెట్‌కు కలపనంతవరకు సరే, కలిపే రోజు వస్తే మాత్రం ఆ మార్పు తప్పదు.

నకిరేకల్_పాత_బస్టాండ్
ఎవరికీ గుర్తు రాలేదు గానీ, 32 బిట్ విండోస్‌లో ఎడిట్ అని కొడితే నీలం రంగు పాత డాస్ ఎడిటర్ వస్తుంది. పెన్‌డ్రైవే అక్కర్లేదు. 1991లో డాస్ 5తో వచ్చింది అది.

వనపర్తి_విమ్
బాగుంది గానీ లైను నంబరు ఇచ్చి తెరవలేం, తెలుగు అసలు రాదు. 64 బిట్ సిస్టమ్‌లో 16 బిట్ ప్రోగ్రాంలు నడవవు కాబట్టి అక్కడ ఉండనే ఉండదు. మైక్రోసాఫ్ట్ 2025లో ఎడిట్ పేరుతోనే కొత్తది విడుదల చేసింది, ఓపెన్ సోర్స్‌లో. అది కొత్త విండోస్‌లకు.

నకిరేకల్_పాత_బస్టాండ్
ఎడిటర్ సరిగ్గా లేవని రోజు ప్రాక్టికల్ ఆగకుండా ఉండటానికి చెప్పాను తమ్మీ. రెండో ఆసరాగా పిల్లలకు చూపించి పెట్టండి సార్. ఫైలు పేరు ఎనిమిది అక్షరాల్లో, ఇంగ్లిష్‌లో ఉంచండి. డాస్ కాలం ప్రోగ్రాంలకు పొడుగు పేర్లు ముక్కలుగా కనిపిస్తాయి.

దేవరకొండ_ల్యాబ్
ఈ రోజు ల్యాబ్ తర్వాత రాస్తున్నాను. 7.9.2 పెట్టాను. ఎక్స్‌పీ ఐదింట్లోనూ లేచింది!! కానీ కొత్త చిక్కులు. మొదలు.బ్యాట్ నడిపితే మొదటి లైనులోనే ఏవో వింత గుర్తులు, వాటి పక్కన @ఎకో, ఇది తెలియని కమాండ్ అంటుంది. ఇంకోటి, ఒక సిస్టమ్‌లో నేను పెట్టిన ఫాంటు సైజు, ట్యాబ్ సైజు పక్క సిస్టమ్‌లో లేవు. పోర్టబుల్ అంటే సెట్టింగులు వెంట రావాలి కదా?

పాలమూరు_పెంటియం
వింత గుర్తులు బీఓఎం. బ్యాచ్ ఫైలును యూటీఎఫ్-8-బీఓఎంలో సేవ్ చేశారు, ఫైలు మొదట్లో కనపడని మూడు బైట్లు చేరాయి. నల్ల విండోకు అవి అర్థం కావు. ఎన్‌కోడింగ్ మెనూలో బీఓఎం లేని యూటీఎఫ్-8కు కన్వర్ట్ చేసి సేవ్ చేయండి. ఇక్కడ కన్వర్టే నొక్కాలి, అక్క చెప్పిన సందర్భం వేరు. సీ ఫైళ్ళనూ బీఓఎం లేకుండానే ఉంచండి. జీసీసీ అనే ఇంకో సీ కంపైలర్ పాత వెర్షన్లో ఆ మూడు బైట్లకు స్ట్రే 357 అని ఎర్రర్ వచ్చి, కంటికి ఏమీ కనపడక గంటలు పోయేవి నాకు.

సెట్టింగుల సంగతి: నోట్‌ప్యాడ్++.ఈఎక్స్ఈ ఉన్న ఫోల్డర్లోనే డూలోకల్‌కాన్ఫ్.ఎక్స్ఎంఎల్ అని ఖాళీ ఫైలు ఉండాలి. అది ఉంటేనే సెట్టింగులు ఆ ఫోల్డర్లో రాస్తుంది. లేకపోతే ఆ సిస్టమ్ యూజర్ ఫోల్డర్లో, యాప్‌డేటాలో రాస్తుంది. మీ దగ్గర రీస్టార్ట్ చేస్తే అదీ తుడిచిపెట్టుకుపోతుంది.

దేవరకొండ_ల్యాబ్
ఆ ఫైలు లేదు! సున్నా కేబీ చూసి అనవసరం అనుకుని నేనే డిలీట్ చేశాను.

గడియారం_సెంటర్
మళ్ళీ అదే పేరుతో ఖాళీ ఫైలు చేసి పెట్టండి, చాలు. ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకుని చేయండి, లేకపోతే చివర టీఎక్స్‌టీ అంటుకుంటుంది.

సాగర్_26గేట్లు
ఒక మాట కలుపుతాను. సెట్టింగులు వచ్చినా, క్రితంసారి తెరిచిన ఫైళ్ళు మాత్రం రావు. సెషన్ ఫైల్లో దారి మొత్తం రాసి ఉంటుంది, జీ: తో సహా. పక్క సిస్టమ్‌లో ఐ: అయితే ఆ ఫైళ్ళు దొరకవు. సేవ్ చేయని ట్యాబ్‌లకూ అంతే. పైన ఇచ్చిన ఎల్.బ్యాట్‌లో -నోసెషన్ ఉంది కాబట్టి మీకు ఎర్రర్లు రావు, కానీ పిల్లలు నిన్నటి పని వెతుక్కోవాలి.

దీనికి సబ్‌స్ట్ కమాండ్ ఉంది. ఒక ఫోల్డరును ఒక డ్రైవ్ లెటర్‌గా చూపిస్తుంది, అడ్మిన్ అక్కర్లేదు, ఎక్స్‌పీలోనూ 7లోనూ ఉంది. ల్యాబ్ ఫోల్డరు బయట, పెన్‌డ్రైవ్ పైనే, ఇంకో బ్యాచ్ ఫైలు పెట్టండి:

@ఎకో ఆఫ్
సబ్‌స్ట్ పీ: "%~డీపీ0ల్యాబ్"
పీ:
కాల్ మొదలు.బ్యాట్

అంతే. పెన్‌డ్రైవ్ అసలు లెటర్ ఏదైనా, పిల్లలకు ఎప్పుడూ పీ: కనిపిస్తుంది. లోపలి మొదలు.బ్యాట్‌ను పీ: నుంచి నడిపారు కాబట్టి %~డీపీ0 కూడా పీ:\ అవుతుంది. ఎల్.బ్యాట్‌లో నుంచి -నోసెషన్ తీసేసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ తీసేముందు సబ్‌స్ట్ పీ: /డీ కొట్టాలి. ఆ సిస్టమ్‌లో ఇప్పటికే పీ: ఉంటే మాత్రం వేరే లెటర్ తీసుకోండి.

పాలమూరు_పెంటియం
ఇది నాకు తోచలేదు. సబ్‌స్ట్ డాస్ రోజుల్లో వాడి మర్చిపోయాను. చాలా బాగుంది.

సూర్యాపేట_హైవే
సాగర్ గేట్లు ఎత్తినట్టుంది ఇవాళ్టి చర్చ, సార్ పెన్‌డ్రైవ్ నిండిపోతుంది ఇక.

జడ్చర్ల_జంక్షన్
పాత్ సరిచేశాను, బిల్లింగ్ ప్రింటరు లేచింది. పాలమూరు అన్నకు రుణపడి ఉంటాను.

దానికి బదులుగా నా అనుభవం ఒకటి చెప్తాను. పెన్‌డ్రైవ్ ఒకే ఒక్కటి పట్టుకుని 12 సిస్టమ్‌లు తిరిగితే, ఒకదాంట్లోని వైరస్ 12కూ పాకుతుంది. జిరాక్స్ కోసం ఒకచోట పెట్టి తెచ్చాక నా ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లయ్యాయి. ఫైళ్ళు పోలేదు, దాచేసి ఉన్నాయి. నల్ల విండోలో ఇది కొడితే బయటికొచ్చాయి (జీ: బదులు మీ లెటర్):

అట్రిబ్ -హెచ్ -ఆర్ -ఎస్ /ఎస్ /డీ జీ:\*.*

షార్ట్‌కట్‌ల మీద క్లిక్ చేయకుండా ముందు ఇది కొట్టి, తర్వాత షార్ట్‌కట్‌లను డిలీట్ చేయాలి. ల్యాబ్ ఫోల్డరు మొత్తం జిప్ చేసి ఇంటి సిస్టమ్‌లో ఒక కాపీ ఉంచుకోండి సార్.

డీటీపీ_అక్క
పిల్లలకు ముందే చెప్పండి: తెలుగు కామెంటును నల్ల విండోలో టైప్ కమాండ్‌తో చూడొద్దు. చెడిపోయిందనుకుని కంగారుపడతారు. కోడ్ పేజీని 65001కి (అంటే యూటీఎఫ్-8కి) మార్చినా ఆ పాత విండో ఒత్తులను కలిపి చూపించలేదు. తెలుగు చూడాలంటే ఎడిటర్‌లోనే.

దేవరకొండ_ల్యాబ్
శనివారం ల్యాబ్ అయింది. సబ్‌స్ట్ పద్ధతి పెట్టాను, 11 సిస్టమ్‌లలో ఒకే కమాండ్, ఒకే తీరు. బోర్డు మీద "ఎల్ ఫైలు లైను" అని ఒక్కటే రాశాను. ఆ అమ్మాయి కంపైల్ చేసింది, 9వ లైను అని వచ్చింది, ఎల్ కొట్టింది, 9 దగ్గర నిలబడింది. ఒక్క క్షణం చూసి 8వ లైను చివర సెమికోలన్ పెట్టింది. తప్పు 9 అని చెప్తే 8కి ఎందుకు పోయావమ్మా అంటే, "పైదాంట్లో ఆగలేదు సార్, అందుకే కింద తట్టుకుంది" అంది. ఆ మాటతోనే మిగతావాళ్ళకు పాఠం చెప్పాను.

ఒక్కటి మిగిలింది. 7వ నంబరు సిస్టమ్‌లో తేదీ ప్రతి రోజూ 2002 అవుతోంది. ఫైళ్ళు సేవ్ అవుతున్నాయి గానీ, తేదీ ప్రకారం పేర్చితే కొత్తవి అట్టడుగుకు పోతున్నాయి. పిల్లలు నిన్నటి ఫైలు తెరిచి ఇవాళ్టిది అనుకుంటున్నారు.

నకిరేకల్_పాత_బస్టాండ్
మదర్‌బోర్డు మీద బిళ్ళ సెల్ అయిపోయింది. చాలావాటికి సీఆర్ 2032 అంటారు. వాచీ రిపేరు షాపులో కూడా దొరుకుతుంది. కరెంటు ప్లగ్గు తీసి, పాతది తీసి, నంబరు చూసి అదే వేయండి. తర్వాత బయోస్‌లో (సిస్టమ్ ఆన్ చేయగానే తెరిచే సెట్టింగుల్లో) తేదీ ఒకసారి సరిచేయాలి.

సూర్యాపేట_హైవే
కాలేజీ అనుమతి తీసుకుని తెరవండి సార్, సీలు ఉంటుంది కొన్నింటికి.

దేవరకొండ_ల్యాబ్
ప్రిన్సిపాల్‌ను అడిగాను, సరే అన్నారు. బస్టాండు దగ్గర వాచీ షాపులో సెల్ తీసుకున్నాను. సోమవారం ప్రాక్టికల్ 10 గంటలకు, 9కే వెళ్ళి వేస్తాను.